చిన్న పీసుకి ఎంత మిషన్ కావాలి?

హైదరాబాద్ బాలానగర్ సందుల్లో మిల్లింగ్ మిషన్ చప్పుడు వినబడని చోటు వెతికి పట్టుకోవాలి. హెచ్ఏఎల్ లాంటి పెద్ద కర్మాగారాలకి పార్టులు చేసిపెడుతూ మొదలైన షెడ్లు కొన్ని. 1968లో అక్కడే వెలిసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో చదువుకున్నవాళ్ళు పెట్టుకున్నవి కొన్ని. వీళ్ళందరి దగ్గరా పని నేర్చుకుని విడిపోయినవాళ్ళవి ఇంకొన్ని. ముందు తరం చేత్తో హ్యాండిల్ తిప్పి నేర్చుకుంది, తర్వాతి తరం కంప్యూటర్లో టూల్‌పాత్ గీసి నేర్చుకుంది. కొత్త మిషన్ కొనే రోజు వచ్చిందంటే రెండు తరాలకీ పేచీ తప్పదు. అలాంటి పేచీ ఒకటి ఇక్కడ రాస్తున్నాను. మనుషులు కల్పితం. మధ్యమధ్య నోరు ఊరుకోక నేనూ దూరాను.

షెడ్డు బాబాయ్‌ది. ర్యామ్ టరెట్ మిల్లింగ్ మీద చెయ్యి తిరిగినవాడు, డయల్ చూడకుండానే రెండు థౌలు తేడా పట్టేస్తానంటాడు. సుజాత ఆయన అన్న కూతురు, టూల్ అండ్ డై డిప్లొమా చేసి ఇప్పుడు అదే షెడ్డులో ప్రోగ్రాములు రాస్తోంది. వాళ్ళ ముందున్న జాబ్ ఒక రేడియో పరికరానికి వాడే అల్యూమినియం 6061 హౌసింగ్. 60 మి.మీ. పొడవు, 40 వెడల్పు, 18 మందం. లోపల సన్నటి గోడలతో అరలు, చుట్టూ ఎనిమిది ఎం3 ట్యాపులు, ఒక మూల 8 హెచ్7 బోరు. నెలకి 600 పీసులు. బాబాయ్ ఒక సెకండ్ హ్యాండ్ వీఎంసీ (వర్టికల్ మషినింగ్ సెంటర్) చూసి మనసు పడ్డాడు: 800 మి.మీ. ఎక్స్ ట్రావెల్, బీటీ40 స్పిండిల్, 6,000 ఆర్పీఎం. సుజాత కొత్త డ్రిల్ ట్యాప్ సెంటర్‌కి కొటేషన్ తెప్పించింది: 500 ట్రావెల్, బీటీ30 స్పిండిల్, 15,000 ఆర్పీఎం.

బాబాయ్: చూసొచ్చానమ్మా. రంగు పోయిందిగానీ కాస్టింగ్ చెక్కుచెదరలేదు. ఐదు టన్నుల బరువు. ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తని ఊరికే అన్నారా? నీ కొటేషన్‌లో ఉన్నదాని బరువు అందులో సగం కూడా లేనట్టుంది.

సుజాత: బరువు తూకానికి అమ్మేటప్పుడు పనికొస్తుంది బాబాయ్. మనం చేసేది అరచేతిలో పట్టే పీసు.

బాబాయ్: తూకం సంగతి కాదు నేను చెప్పేది. కట్ పడ్డప్పుడు వణక్కుండా నిలబెట్టేది ఆ ఇనుమే. మిషన్ వణికిందంటే ముందు ఫినిష్ పోతుంది, తర్వాత టూల్ పోతుంది, ఆ తర్వాత కస్టమర్ పోతాడు.

సుజాత: కాదనను. అందుకే టేబుల్ మీద పెట్టుకునే 3040 రౌటర్ల జోలికి నేను పోలేదు. తమ్ముడు వీడియోలు చూపించి లక్షల్లో వచ్చేస్తుందక్కా అన్నాడు. నేమ్‌ప్లేట్లు చెక్కడానికి, యాక్రిలిక్ కొయ్యడానికి, మొదటి శాంపిల్ చేసి చూసుకోవడానికి అది బంగారం. కానీ మామూలుగా వాటికి ఉండేవి స్టెప్పర్ మోటార్లు. ఎక్కడైనా గట్టిగా తగిలి స్టెప్ తప్పిందంటే ఆ సంగతి కంట్రోలర్‌కి తెలియదు, తప్పు చోటే మిగతా పీసంతా కోసుకుంటూ పోతుంది. పైగా టూల్ చేంజర్ ఉండదు. మన హౌసింగ్‌కి 9 టూల్స్. నెలకి 5,400 సార్లు చేత్తో కాలెట్ విప్పి బిగించాలి. ఆ పని నువ్వు చేస్తావా?

బాబాయ్: వద్దులే. శాంపిల్ కావాలంటే రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది కదా, అక్కడ చేయించుకుందాం. కానీ నువ్వు అడిగే బీటీ30 కూడా నా కంటికి దానికి అన్నగారిలానే కనబడుతోంది. టేపర్ నోటి దగ్గర నా బీటీ40 వ్యాసం 44.45. నీది 31.75. ఆ సన్నటి మెడతో ఈఎన్24 కోస్తావా? ఎస్ఎస్‌లో ఎం12 ట్యాప్ వేస్తావా?

సుజాత: ఎం12 ట్యాపు వెయ్యను. ఆ పనికి నాది చాలదు, ఒప్పుకుంటున్నా. ఎస్ఎస్ 304లో 10 మి.మీ. ఎండ్‌మిల్లుని నిమిషానికి 80 మీటర్ల కటింగ్ స్పీడుతో తిప్పాలంటే 2,500 ఆర్పీఎం చాలు. టైటానియం అయితే 1,600 దగ్గరే ఆగాలి. ఆ తక్కువ స్పీడులో నీ స్పిండిల్‌కి ఉన్న టార్క్ నా దానికి ఉండదు. మరి అల్యూమినియంలో 4 మి.మీ. ఎండ్‌మిల్లు మాటేంటి? 250 మీటర్ల స్పీడు కావాలంటే దాదాపు 20,000 ఆర్పీఎం ఉండాలి. నువ్వు చూసొచ్చిన మిషన్ 6,000 దగ్గర చేతులెత్తేస్తుంది. అప్పుడు కటింగ్ స్పీడు 75 మీటర్లే.

బాబాయ్: మెల్లగా కోస్తే అల్యూమినియం ఏడుస్తుందా?

సుజాత: అల్యూమినియం ఏడవదు, ఈఎంఐ ఏడిపిస్తుంది.

ఇక్కడ ఇద్దరూ కాస్త దారి తప్పారు. సుజాత టూల్ చేంజ్ టైం గురించి మొదలుపెట్టింది. డ్రిల్ ట్యాప్ సెంటర్లు అమ్మేవాళ్ళు బ్రోషర్ మొదటి పేజీలో అచ్చేసేది అదే గనక కొనేవాళ్ళ నోట ముందు పలికేదీ అదే.

సుజాత: టూల్ మారడం చూశావా? నీ పాత మిషన్‌లో ఒక కట్ ఆగి, టూల్ మారి, మళ్ళీ కట్ మొదలవడానికి 7 సెకన్లు. ఇందులో 2. తొమ్మిది టూల్స్ మీద పీసుకి 45 సెకన్లు మిగులుతాయి.

బాబాయ్: నెలకి ఎంతవుతుంది?

సుజాత: 600 పీసులకి... ఏడున్నర గంటలు.

బాబాయ్: అంటే ఒక షిఫ్టు. నెలకి ఒక్క షిఫ్టు మిగులుతుందని కొత్త మిషన్ కొనమంటావా? పోనీ అదీ మిగలదు, చూడు. నా టేబుల్ మీద ఎనిమిది పీసుల ఫిక్చర్ వేస్తాను. ఫేస్‌మిల్లు ఒకసారి దిగితే ఎనిమిదింటినీ కోసి గానీ లేవదు. ఆ తర్వాతే రెండో టూల్. తొమ్మిది టూల్స్‌కయ్యే 63 సెకన్లని ఎనిమిదితో భాగించు. పీసుకి 8 సెకన్లు కూడా పడలేదు. నువ్వు ఒక్కో పీసూ వైస్‌లో బిగించి చేస్తే నీ కొత్త మిషన్‌కి 18 సెకన్లు. పన్నెండేళ్ళ ముసలిది నీ కుర్రదాన్ని ఓడించింది.

ఈ దెబ్బకి సుజాత కాసేపు మాట్లాడలేదు. మాట్లాడనక్కర్లేదు కూడా, ఎందుకంటే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చిన్న పార్టులు చేసే షెడ్లలో డబ్బు పోతున్నది మిషన్ నిదానం వల్ల కాదు, ఒక్కో పీసుకీ తలుపు తీసి వైస్ విప్పే అలవాటు వల్ల. మంచి ఫిక్చర్ ఖర్చు మిషన్ ధరలో చిన్న భాగం. అయినా కొటేషన్లు తెప్పించుకున్నంత ఉత్సాహంగా ఫిక్చర్ డ్రాయింగ్ గీసేవాళ్ళు తక్కువ. మిషన్‌కి పూజ చేసి ఫొటో దిగొచ్చు, ఫిక్చర్ పక్కన నిలబడి ఎవరు దిగుతారు?

సుజాత: సరే, ఆ ఫిక్చర్ నేనూ వేస్తాను. నా టేబుల్ మీద ఆరు పడతాయి. అప్పుడు నాకు పీసుకి 3 సెకన్లు, నీకు 8. ఆ అయిదు సెకన్ల గురించి ఇక మాట్లాడను.

బాబాయ్: మరి దేని గురించి మాట్లాడతావు? మిషన్ పరుగు గురించా? నిమిషానికి 48 మీటర్ల ర్యాపిడ్ అని ఎర్ర అక్షరాల్లో రాశాడు. నాది 24 అట.

సుజాత: ఆ 48ని నేనూ నమ్మను. మన పీసులో ఒక రంధ్రం నించి ఇంకో రంధ్రానికి మహా అయితే 40 మి.మీ. సగం దూరం వేగం పుంజుకోవడానికే పోతుంది, మిగతా సగం ఆగడానికి. మిషన్ యాక్సిలరేషన్ 0.3 జీ అనుకో, ఆ 40 మి.మీ.లో అది అందుకునే గరిష్ఠ వేగం 21 మీటర్లే. 24 మీటర్ల మిషనూ అక్కడ దాన్ని దాటలేదు, 48 మీటర్లదీ దాటలేదు. అదే 1 జీ ఉంటే 37 మీటర్ల దాకా పోతుంది, పట్టే టైం సుమారు సగానికి తగ్గుతుంది. అందుకే సేల్స్ ఆయన్ని ర్యాపిడ్ అడగలేదు, యాక్సిలరేషన్ అడిగాను. కనుక్కుని చెప్తానన్నాడు.

బాబాయ్: చెప్పాడా?

సుజాత: ఇంకా కనుక్కుంటున్నాడు. సరే, అసలు సంగతికొస్తా. ఈ హౌసింగ్‌లో గోడల మధ్య సందు 5 మి.మీ. అందులో 4 మి.మీ. ఎండ్‌మిల్లే దూరుతుంది. ఆ టూల్ అరలన్నీ తిరిగొచ్చేసరికి టూల్‌పాత్ మొత్తం 3 మీటర్లు. మూడు ఫ్లూట్ల టూల్, పంటికి 0.03 కట్. 6,000 ఆర్పీఎం మీద ఫీడ్ 540 మి.మీ. 15,000 మీద 1,350. మూడు మీటర్లు పోవడానికి నీకు అయిదున్నర నిమిషాలు, నాకు రెండుంపావు. తేడా పీసుకి మూడుంపావు నిమిషాలు. టూల్ చేంజ్‌లా దీన్ని ఎనిమిదితో భాగించలేవు. ఎన్ని పీసులు ఫిక్చర్‌లో పెట్టినా ఒక్కో పీసులోనూ ఆ 3 మీటర్లూ నడవాల్సిందే. నెలకి 33 గంటలు. అంటే నాలుగు షిఫ్టులు.

బాబాయ్: 10 మి.మీ. ఎండ్‌మిల్లుతో రఫింగ్ లాగేసి మూలలు మాత్రం నాలుగుతో తీస్తే?

సుజాత: అయిదు మి.మీ. సందులో పది దూరదు బాబాయ్.

బాబాయ్: డ్రాయింగ్ ఇచ్చినవాణ్ణి అడిగావా? మూలలు ఆర్2 బదులు ఆర్3 పెట్టుకో, అరలు కాస్త వెడల్పు చెయ్యి అంటే సగం మంది ఒప్పుకుంటారు. గీసినవాడికి ఎండ్‌మిల్లు సైజు గుర్తుండదు. మిషన్ కొనకముందు ఫోన్ చెయ్యడం చవక.

సుజాత: చేశాను. ఆ అరల్లో కూర్చునే బోర్డు ముందే తయారైపోయిందట. కుదరదన్నారు.

బాబాయ్: అయితే ఈ పీసు వరకూ నీ మాట నెగ్గింది. ఈ పీసు వరకూ. ట్యాపుల సంగతేమిటి?

సుజాత: ఎనిమిది ఎం3 బ్లైండ్ ట్యాపులు. ఏ మిషన్‌కైనా రిజిడ్ ట్యాపింగ్ ఉండాలి, అది లేనిదాన్ని చూడను కూడా చూడను. ఫార్మ్ ట్యాప్ వాడితే రంధ్రం అడుగున చిప్స్ ఇరుక్కునే బాధ ఉండదు. టైం తేడా సెకన్లలోనే, దాన్ని లెక్కలో వెయ్యను.

బాబాయ్: సరే, ఇప్పుడు నా పాత మిషన్ సంగతి విను. ఊరికే చూసి రాలేదు. స్పిండిల్‌లో టెస్ట్ బార్ పెట్టి నోటి దగ్గర, 300 మి.మీ. కింద, రెండు చోట్లా డయల్ వేశాను. పైన 5 మైక్రాన్లు, కింద 15. టేపర్‌కి బ్లూ రాసి చూశాను, చుట్టూ పట్టింది. అరగంట ఫుల్ స్పీడులో తిప్పించి ముక్కు మీద చెయ్యి పెట్టాను. వెచ్చబడింది, చుర్రుమనలేదు. బేరింగులు బాగున్నాయి.

సుజాత: బ్యాక్‌లాష్?

బాబాయ్: టేబుల్‌కి లీవర్ డయల్ ఆనించి, హ్యాండ్‌వీల్‌ని ఒక్కో క్లిక్ ఒక మైక్రాన్ మీద పెట్టి ఒకవైపు తిప్పాను. ముల్లు కదిలింది. వెనక్కి తిప్పాను. మూడో క్లిక్‌కే ముల్లు వెనక్కొచ్చింది. మూడు మైక్రాన్ల బ్యాక్‌లాష్, పన్నెండేళ్ళ మిషన్‌కి! నీ కొత్తదానికి ఎంతుంటుందో చెప్పు.

సుజాత: పారామీటర్ 1851 చూశావా?

బాబాయ్: అదేంటి?

సుజాత: అది ఫానక్ కంట్రోల్ అన్నావు కదా. బాల్‌స్క్రూ అరిగి వెనక్కి తిరిగేటప్పుడు వచ్చే ఖాళీని కంట్రోలరే పూడ్చేస్తుంది. ఎంత పూడ్చాలో 1851లో ఒక్కో యాక్సిస్‌కీ రాసి ఉంటుంది. అమ్మేవాడు అందులో అంకె పెంచితే నీ డయల్‌కి అంతా బాగున్నట్టే కనబడుతుంది. మూడు మైక్రాన్లు మిగిలాయంటే సరే, పూడ్చింది ఎంతో? అక్కడ 5 ఉంటే కొను. 60 ఉంటే నువ్వు చూసింది బాల్‌స్క్రూని కాదు, ఆ అంకెని.

బాబాయ్: కంట్రోలర్ అబద్ధం చెప్తుందన్నమాట.

సుజాత: అబద్ధం కాదు, అది చెయ్యాల్సిన పనే. కానీ అరిగిన స్క్రూకి అంకె వేస్తే గుండ్రటి పాకెట్ కోసేటప్పుడు నాలుగు దిక్కులా సన్నటి గీతలు పడతాయి. ఆ పేజీ తెరిచి చూపించమను. పాస్‌వర్డ్ మర్చిపోయాం, తర్వాత చూద్దాం అంటే లేచొచ్చెయ్. బ్యాటరీలు ఎప్పుడు మార్చారో కూడా అడుగు. అవి అయిపోతే మిషన్ తన హోమ్ పొజిషన్ మర్చిపోతుంది. పారామీటర్ల బ్యాకప్ లేకపోతే మన గతి ఇక అంతే.

పాత మిషన్ కొనేవాళ్ళు ఈ రెండు పరీక్షలూ చెయ్యాలి. చెయ్యి తిరిగిన ఫిట్టర్ డయల్‌తో పట్టేది ఒకటి, స్క్రీన్ మీద వెతకాల్సింది ఇంకొకటి. బాబాయ్ ఒక్కడే వెళ్ళినా, సుజాత ఒక్కతే వెళ్ళినా సగం మిషనే చూసి వచ్చేవాళ్ళు.

బాబాయ్: సరేలే, ఆ పేజీ చూద్దాం. ఇప్పుడు డబ్బు దగ్గరికి రా. నాది చేతిలో ఉన్న డబ్బుతో అయిపోతుంది. నీది బ్యాంకు. లెక్కకి 20 లక్షలు అప్పనుకో, 11 శాతం వడ్డీ, అయిదేళ్ళు. నెలకి ఎంత?

సుజాత: దాదాపు 43,500.

బాబాయ్: నెలకి 26 రోజులు, రోజుకి 8 గంటలు, అందులో మిషన్ నిజంగా తిరిగేది ముప్పాతిక వంతు. 156 గంటలు. గంటకి 280 రూపాయలు ఈఎంఐకే. ఆపరేటర్, కరెంటు, టూల్స్, అద్దె ఆ తర్వాత. ఈ హౌసింగ్ ఆర్డర్ ఆరు నెల్లకి ఆగిపోతే? వాళ్ళు డై కాస్టింగ్‌కి మారిపోతే? పాత మిషన్ పని లేకపోయినా మూల నిలబడుతుంది, నన్నేమీ అడగదు. నీది ప్రతి నెలా అయిదో తారీకుకి అడుగుతుంది.

సుజాత: రెండు షిఫ్టులు నడిపితే గంటకి 140. చిన్న పరిశ్రమల అప్పులకిచ్చే సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ ఉంది, ఇల్లు తాకట్టు పెట్టనక్కర్లేదు.

బాబాయ్: ఆ గ్యారంటీ బ్యాంకుకి, నీకు కాదు. నువ్వు కట్టకపోతే బ్యాంకుకి నష్టం తగ్గుతుంది, నీ బాకీ మాఫీ కాదు. 2000 నించి ఉన్న స్కీమే కదా, ఆ తేడా తెలియక సంతకాలు పెట్టినవాళ్ళని చూశాను. రెండో షిఫ్టు అన్నావు, మరి రెండో షిఫ్టుకి పనెక్కడుంది?

సుజాత: ఇలాంటి చిన్న పీసులు చేసేవాళ్ళ కోసం చర్లపల్లి నించి కూడా వెతుక్కుంటూ వస్తున్నారు బాబాయ్. డ్రోన్లు, కెమెరాలు, రేడియోలు, అన్నీ చిన్న పార్టులే.

బాబాయ్: రానీ. కానీ పోయిన దసరాకి ముందు ఆ 600 మి.మీ. బేస్ ప్లేట్లు ఎవరిచ్చారు? వాళ్ళే కదా తర్వాత ఈ రేడియో కంపెనీని మన దగ్గరికి పంపింది. పెద్ద జాబ్ వచ్చినప్పుడు మా దగ్గర అవదండీ అన్నామనుకో, వాడు రెండోసారి గేటు దాకా రాడు. చిన్న జాబ్ కూడా ఎవడు పెద్దది చేస్తాడో వాడికే ఇస్తాడు. జాబ్ షాపు అంటే ఏ పని వస్తుందో తెలియని చోటు. తెలిసిన ఒక్క పీసుని చూసుకుని మిషన్ కొంటే తెలియని వంద పీసులకి తలుపు మూసినట్టు.

సుజాత: చలాన్ పుస్తకం తియ్యి. ఆ బేస్ ప్లేట్లు కాక ఏడాదిలో 400 మి.మీ. దాటిన జాబులు ఎన్ని?

బాబాయ్: వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒప్పుకున్నాను.

సుజాత: ఆ బేస్ ప్లేట్లు మనం ఎక్కడ చేశాం?

బాబాయ్: ... వెనక సందులో.

సుజాత: వెనక సందులో వాళ్ళ పెద్ద మిషన్ మీద, గంటల లెక్కన డబ్బు కట్టి. కస్టమర్‌కి ఆ సంగతి తెలుసా? తెలిసినా అడిగాడా? డెలివరీ మనది, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు మనది. పెద్ద మిషన్ ఖాళీగా ఉన్న షెడ్లు ఇక్కడ ఎన్ని కావాలంటే అన్ని. అందరూ నీలాగే ఆలోచించి పెద్దవే కొన్నారు. 15,000 ఆర్పీఎం స్పిండిల్ గంటకి అద్దెకిచ్చేవాడు ఎవరున్నాడో చూపించు.

నాకు ఈ వాదనలో బలం ఇక్కడే కనబడింది. మిషన్ ఎంచుకునేటప్పుడు మన జాబ్ చూస్తాం, మన జేబు చూస్తాం, పక్కవాడి షెడ్డు మాత్రం చూడం. బాలానగర్ లాంటి చోట షెడ్డుకీ షెడ్డుకీ మధ్య గోడ ఉన్నట్టే గానీ పనికి లేదు. గ్రైండింగ్ ఒకరి దగ్గర, హీట్ ట్రీట్‌మెంట్ ఇంకొకరి దగ్గర, అనొడైజింగ్ మరొకరి దగ్గర అవుతుంది. పెద్ద మిల్లింగూ అలాగే నడిచి దొరుకుతుంది. అక్కడ ఊరిలో లేనిదాన్ని కొనుక్కోవడం తెలివి. ఇదే షెడ్డు ఒంగోలులోనో నిజామాబాద్‌లోనో ఒంటరిగా ఉండుంటే నేను బాబాయ్ పక్షం. చుట్టూ ఇంకో వీఎంసీ లేనప్పుడు వచ్చిన ప్రతి పనికీ తలుపు తీసి ఉంచాలి, దానికి పెద్ద టేబులే కావాలి.

బాబాయ్: పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్నారా, నీ మిషన్ గురించే అన్నట్టున్నారు. సరే, ఒకటి అడుగుతా. ఫోర్త్ యాక్సిస్ పెడతావా? రేపు హౌసింగ్‌కి పక్కల్లో కూడా రంధ్రాలు పెడతారు.

సుజాత: పెట్టాలనే ఉంది. కానీ అక్కడ జాగ్రత్తగా ఉండాలి. రోటరీ సెంటర్ ఎత్తు 150, దాని మీద ఫిక్చర్ 60, పైన టూల్ పొడవు 120. మొత్తం 330. స్పిండిల్ ముక్కుకీ టేబుల్‌కీ మధ్య అంతకంటే ఎక్కువ ఎత్తు ఉంటే చాలదు, టూల్ మారేటప్పుడు టరెట్‌లో వేలాడే టూల్స్ కూడా ఫిక్చర్‌కి తగలకూడదు. చిన్న మిషన్లలో టేబుల్ పొడవు చాలక కాదు, ఈ ఎత్తు చాలక ఇబ్బంది పడతారు. కాలమ్ కింద 200 మి.మీ. రైజర్ ఇస్తారా అని అడిగాను, ఆర్డర్‌తో పాటే చెప్పాలన్నారు. ముందే పెట్టించుకుంటా.

బాబాయ్: కరెంటు?

సుజాత: మన శాంక్షన్డ్ లోడ్‌లో సరిపోతుంది. నీ దానికే పెంచుకోవాలి. స్టెబిలైజరూ కొత్త ఎర్త్ పిట్టూ దేనికైనా తప్పవు.

బాబాయ్: సర్వీసు?

సుజాత: ఇంజినీరు హైదరాబాద్‌లోనే ఉంటాడు. ఫోన్ చేసి పరీక్షించాను, ఎత్తాడు.

బాబాయ్: అమ్మేముందు అందరూ ఎత్తుతారు. వాళ్ళ మిషన్ కొన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, చెడిపోయినప్పుడు ఎన్ని రోజులు ఆగిందో అడుగు. యజమానిని కాదు, ఆపరేటర్ని అడుగు.

సుజాత: అది నాకు తట్టలేదు. అడుగుతా.

బాబాయ్: డెమో ఎప్పుడు?

సుజాత: ఈ వారంలోనే. వాళ్ళు తమ శాంపిల్ పీసు కోసి చూపిస్తామన్నారు. వద్దన్నాను. మన డ్రాయింగు, మన మెటీరియలు, మన టూల్స్ తీసుకెళ్తా. పొద్దున్నే మిషన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి రెండు గంటలు ఆపకుండా నడపమంటా. మొదటి పీసులో 8 హెచ్7 బోరు ఎక్కడుందో, ఆఖరి పీసులో ఎక్కడుందో కొలుస్తా. బోరు సైజుకి ఇచ్చిన టాలరెన్సే 15 మైక్రాన్లు, దాన్ని రీమర్ చూసుకుంటుంది. పొజిషన్‌ని చూసుకోవాల్సింది మిషనే. బాల్‌స్క్రూ వేడెక్కితే చిన్న మిషనైనా పెద్ద మిషనైనా జరుగుతుంది. ఎంత జరుగుతుందో, ఎంతసేపటికి నిలకడ వస్తుందో తెలియాలి.

బాబాయ్: కొలిచేటప్పుడు పీసు చల్లారనివ్వు. మే నెలలో మన షెడ్డులో 38 డిగ్రీలు. అక్కడ వాళ్ళు ఏసీ గదిలో 20 దగ్గర కొలుస్తారు. 60 మి.మీ. అల్యూమినియం ఆ తేడాకి ఎంత కుంచించుకుపోతుంది?

సుజాత: దాదాపు 25 మైక్రాన్లు.

బాబాయ్: చూశావా. ఏ మిషన్ కొన్నా ఆ 25 మైక్రాన్లకి తిట్లు తినేది నేనే. సరే, డెమోకి నేనూ వస్తా. నా పీసు కూడా ఒకటి పట్టుకొస్తా.

సుజాత: ఏ పీసు?

బాబాయ్: ఎస్ఎస్ 304 ఫ్లాంజ్. ఎం8 ట్యాపులు ఆరు, 10 ఎండ్‌మిల్లుతో 8 మి.మీ. లోతు స్లాటు. స్పిండిల్ లోడ్ మీటర్ వంద దాటిందా, నేను పాత దానికి అడ్వాన్స్ ఇచ్చేస్తా.

సుజాత: 8 మి.మీ. లోతు ఒక్క పాస్‌లో లాగమంటే ఎలా? రెండు మి.మీ. చొప్పున నాలుగు పాసులు వెయ్యాలి.

బాబాయ్: నాలుగైతే టైం ఎంతవుతుందో కూడా రాసుకో.

సుజాత: రాసుకుంటా. 1851 పేజీ ఫొటో నువ్వు తెచ్చాకే డెమోకి బయల్దేరదాం.

బాబాయ్: తెస్తా. నీ కొటేషన్‌లో టూల్ హోల్డర్లు ఆరే రాశాడు, అది చూసుకున్నావా? తొమ్మిది టూల్స్‌కి ఆరు హోల్డర్లేం సరిపోతాయి? ఇరవై ఇమ్మను, పుల్‌స్టడ్లతో సహా. బేరం నువ్వు మాట్లాడకు, నేను మాట్లాడతా.